ముందు శత్రువెవరో తేల్చుకోండి: గట్టి రికార్డర్ల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

చలికి, వానకి, దుమ్ముకి తట్టుకునే చిన్న రికార్డర్ ఏదైనా ఉంటే చెప్పమని అడిగిన ఉత్తరాలు చాలా వచ్చాయి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాం. దాదాపు అందరూ మోడల్ పేరు అడిగారు. పేర్లు చెబుతాను, కానీ దానికి ముందు మీరు వెళ్లే చోట రికార్డర్‌ని చంపేది ఏదో మీరు చెప్పాలి. చలికి చచ్చేది వేరు, తేమకి చచ్చేది వేరు, కుదుపులకి చచ్చేది వేరు. అన్నిటికీ తట్టుకునే ఒక్క డబ్బా కోసం వెతికితే ఏళ్లు గడుస్తాయి గానీ రికార్డింగ్ మాత్రం జరగదు.

ప్రశ్న: వచ్చే సీజన్‌లో మేం ఐదుగురం 5,000 మీటర్లు దాటే ట్రెక్‌కి వెళ్తున్నాం. రాత్రిళ్లు మైనస్ 20 డిగ్రీలకి పడిపోతుందట. దారిలో మా మాటలు, మంచు విరిగే చప్పుళ్లు, గుడారం మీద గాలి, అన్నీ దాచుకోవాలని నా కోరిక. జేబులో పట్టాలి, కిందపడినా పగలకూడదు. ఫోన్ చాలదా అంటున్నారు మావాళ్లు. మీరేమంటారండీ?

జవాబు: ఫోన్ వద్దండీ. ఐఫోన్ సంగతే తీసుకోండి, అది 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడటానికి చేసిందని కంపెనీయే రాసుకుంది. చలిలో బ్యాటరీ 40 శాతం చూపిస్తూనే ఠక్కున ఆగిపోతుంది, పైగా ఆపదలో మీకు అక్కరకొచ్చే వస్తువు అదే, దాని బ్యాటరీ రికార్డింగ్‌కి ఖర్చు పెట్టొద్దు.

మామూలు రికార్డర్లకి కూడా చాలావాటికి కాగితం మీద 0 నుంచి 40 డిగ్రీలే ఉంటుంది. అలాగని మైనస్‌లో పనిచేయవని కాదు. లోపలి సర్క్యూట్ చలికి అంత తొందరగా లొంగదు, ముందు చేతులెత్తేసేది బ్యాటరీ, తర్వాత డిస్‌ప్లే, ఆ తర్వాత మీ వేళ్లు. అందుకే మీ విషయంలో నేను మొదట చూసేది అది ఏ సెల్స్ మీద నడుస్తుందన్నదే. పెన్సిల్ సెల్స్, అంటే ఏఏ సైజువి వేసుకునే రికార్డర్ అయితే సగం సమస్య తీరినట్టే, ఎందుకంటే అందులో లిథియం రకం సెల్స్ వేయొచ్చు. మామూలు ఆల్కలైన్ సెల్‌లో ఉండే ద్రవం నీళ్లతో కలిపింది, చలికి అది మందగించిపోతుంది, మైనస్ 20లో దాని అసలు శక్తిలో చిన్న ముక్క మాత్రమే చేతికొస్తుంది. లిథియం పెన్సిల్ సెల్‌లో నీళ్లు ఉండవు. ఎనర్జైజర్ అల్టిమేట్ లిథియం లాంటివి మైనస్ 40 నుంచి 60 డిగ్రీల దాకా పనిచేస్తాయి, బరువు కూడా ఒక్కోటి 15 గ్రాములే, ఆల్కలైన్‌ది 23 గ్రాముల దాకా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: ఇవి చివరిదాకా ఒకే వోల్టేజి ఇచ్చి ఆఖర్న ఒక్కసారిగా పడిపోతాయి. మీటర్ నిండుగా ఉందని చూపించినా నమ్మొద్దు, ఎన్ని గంటలు వాడారో రాసుకోండి. మెనూలో సెల్ రకం లిథియం అని మార్చడం కూడా మర్చిపోవద్దు.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. మొదటిసారి మంచులో రాత్రి గడిపినప్పుడు కొత్త ఆల్కలైన్ సెల్స్ వేసుకుని, చీకట్లో గుడారం బయట రాయి మీద రికార్డర్ పెట్టి, ఎర్ర లైటు వెలగడం చూసి లోపలికొచ్చి పడుకున్నాను. తెల్లారి చూస్తే ఉన్నది 11 నిమిషాలు. దాంట్లో కూడా మొదటి రెండు నిమిషాలు నా బూట్ల చప్పుడే. అవే సెల్స్ జేబులో పెట్టుకుని గంట నడిచాక మళ్లీ వేస్తే సగం చార్జి చూపించాయి, అంటే అవి అయిపోలేదు, చలికి బిగుసుకుపోయాయంతే. అప్పట్నుంచి రికార్డర్ ఎప్పుడూ జాకెట్ లోపలే, మైకు ఒక్కటే బయట.

మీరూ అదే చేయండి. చిన్న క్లిప్ మైకు, అన్ని వైపుల నుంచీ వినేది, ఛాతీ దగ్గర పెట్టి దానికి గాలి హోరు ఆపే బొచ్చు తొడుగు వేయండి. వైరు జాకెట్ లోపలికి, రికార్డర్ లోపలి జేబులో. చెమట తగులుతుంది కాబట్టి దాన్నీ ఒక జిప్ కవర్లో పెట్టండి. ఇలా చేస్తే జూమ్ హెచ్1 ఎసెన్షియల్ లాంటి చిన్నది కూడా సరిపోతుంది, కాకపోతే దానికి ఏఏఏ సైజు, ఇంకా సన్నవి, రెండు సెల్స్ కావాలి. లిథియంలో అవీ దొరుకుతాయి గానీ అంతసేపు రావు, ఎక్కువ మోసుకెళ్లాలి. టచ్ స్క్రీన్ ఉన్నవి మీకు వద్దు. టాస్కామ్ పోర్టాక్యాప్చర్ ఎక్స్8 మంచి యంత్రమే కానీ అక్కడ గ్లౌజు తీసి తెర మీద వేలు పెట్టాల్సి వస్తుంది, ఆ చలిలో రెండోసారి మీరే తీయరు. వేలికి తెలిసేలా ఎత్తుగా ఉన్న రికార్డ్ బటన్, దాన్ని తాళం వేసే హోల్డ్ స్విచ్, ఈ రెండూ ఉండాలి. కొట్లో ఉండగానే మందపాటి గ్లౌజు వేసుకుని, కళ్లు మూసుకుని రికార్డ్ మొదలుపెట్టి ఆపి చూడండి.

ఇంకొకటి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. చలి నుంచి వెచ్చటి గదిలోకి వచ్చినప్పుడు గాలిలోని తేమ చల్లటి రికార్డర్ మీద మాత్రమే కాదు, లోపలి బోర్డు మీద కూడా నీళ్లై కూర్చుంటుంది. బయట ఉండగానే దాన్ని కవర్లో పెట్టి గాలి తీసేసి మూసేయండి. గదిలోకి వచ్చాక కవరు పైన నీటి చుక్కలు పడతాయి, పడనివ్వండి. లోపల రికార్డర్ గది వేడికి వచ్చేదాకా, రెండు మూడు గంటలైనా సరే, తెరవొద్దు. రికార్డింగ్ వినాలని ఎంత ఆత్రంగా ఉన్నా తెరవొద్దు. ముందే కార్డు తీసి జేబులో వేసుకుంటే ఆ ఆత్రం తీరే దారి ఉంటుంది.

చార్జ్ చేసే లిథియం అయాన్ బ్యాటరీలు మీతో ఉంటే 0 డిగ్రీల కంటే తక్కువలో వాటిని చార్జికి పెట్టొద్దు. వాడుకోవచ్చు కానీ చార్జ్ చేయకూడదు, లోపల లోహం పేరుకుపోయి బ్యాటరీ శాశ్వతంగా పాడవుతుంది. రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో మీ పక్కనే పెట్టుకుని, అవి వెచ్చబడ్డాక పవర్ బ్యాంక్ తగిలించండి. ఎత్తు గురించి మాత్రం టెన్షన్ అక్కర్లేదు. ఒకప్పుడు హార్డ్ డిస్కు ఉన్న యంత్రాలు 3,000 మీటర్లు దాటితే ఇబ్బంది పెట్టేవి, వాటి లోపలి హెడ్ గాలి పొర మీద తేలుతూ తిరిగేది కాబట్టి. ఇప్పుడన్నీ మెమరీ కార్డులే, వాటికి ఎత్తుతో పని లేదు.

ప్రశ్న: నేను నదిలో తెడ్డు పడవ నడుపుతాను. పూర్తిగా వాటర్‌ప్రూఫ్ రికార్డర్ కోసం ఏడాదిగా వెతుకుతున్నాను. ఫోన్లకీ, కెమెరాలకీ ఐపీ67, ఐపీ68 అని ఉంటుంది కదా, మంచి రికార్డర్లకి ఎందుకు ఉండదు?

జవాబు: శబ్దం లోపలికి బాగా రావాలంటే మైకు దగ్గర గాలికి దారి ఉండాలి. గాలి వచ్చే దారి ఉంటే నీళ్లకీ దారి ఉన్నట్టే. ఫోన్లలో మైకు రంధ్రం మీద సన్నటి పొర అంటిస్తారు, మాటకి అది చాలు, కానీ పక్షి కూతలో, నీటి గలగలలో ఉండే సన్నటి స్వరాల్ని ఆ పొర కొంత మింగేస్తుంది. మంచి శబ్దం కోసం కొనే యంత్రానికి అది పెద్ద నష్టం కాబట్టి చాలా కంపెనీలు అటు వెళ్లలేదు.

ఐపీ అంకెల అర్థం కూడా ఒకసారి చూసుకోండి. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. 67 అంటే దుమ్ము అసలు దూరదు, ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉన్నా పర్వాలేదు అని. ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో, కదలని నీళ్లలో. ఉప్పునీటికి, ఎగిరిపడే అలకి, మూత సరిగ్గా పడని రోజుకి అది హామీ ఇవ్వదు. మిల్-స్టాండర్డ్ 810 అనే మాట కూడా ప్రకటనల్లో చూస్తుంటారు. అది అమెరికా సైన్యం పరీక్షల పుస్తకం, అందులో పరీక్షలు చాలా ఉన్నాయి, ఏవి చేయించాలన్నది కంపెనీ ఇష్టం. కాబట్టి ఏ పరీక్ష పాసైందో రాయకుండా మిలిటరీ గ్రేడ్ అని మాత్రమే రాస్తే దాన్ని పట్టించుకోకండి.

మీరు చేయాల్సింది ఇది: రికార్డర్‌ని రబ్బరు అంచు ఉన్న గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, మైకు వైరు ఒక్కటే రబ్బరు బిగింపు గుండా బయటికి తీయండి. బయట ఉండేది మైకు ఒక్కటే, అది తడిసి పోయినా పోయేది చిన్న భాగం. నీళ్లలో పడితే పెట్టె తేలుతుందా అని రికార్డర్ బదులు అంతే బరువున్న రాయి లోపల పెట్టి ముందు బకెట్‌లో చూసుకోండి. సముద్రం వైపు వెళ్తే ఇంటికొచ్చిన రోజే మంచినీళ్లలో తడిపి బాగా పిండిన గుడ్డతో పెట్టెనీ, వైరు చివర్లనీ తుడవాలి, ఉప్పు ఆరితే లోహాన్ని తినేస్తుంది.

ప్రశ్న: 32 బిట్ ఫ్లోట్ ఉంటే లెవెల్ చూసుకోనక్కర్లేదు, శబ్దం పగలదు అంటున్నారు. నిజంగా అవసరమా, లేక ప్రకటనల హడావిడేనా? అగ్నిపర్వతం దగ్గరికి వెళ్లే ఆలోచనలో ఉన్నాను.

జవాబు: అవసరమే. 32 బిట్ ఫ్లోట్ అంటే శబ్దాన్ని అంకెలుగా రాసుకునే ఒక పద్ధతి. మీలాంటి వాళ్లకే ఎక్కువ అవసరం.

మామూలుగా రికార్డింగ్‌కి ముందు గెయిన్, అంటే మైకు నుంచి వచ్చే శబ్దాన్ని పెంచే మోతాదు, ఎంత పెట్టాలో ఊహించాలి. తక్కువ పెడితే చిన్న శబ్దాలు సర్రుమనే మోతలో మునిగిపోతాయి, ఎక్కువ పెడితే పెద్ద శబ్దం రాగానే తల తెగిపోతుంది, తెగిన శబ్దాన్ని మళ్లీ అతికించలేం. 16 బిట్‌లో అతి చిన్న, అతి పెద్ద శబ్దాల మధ్య దూరం 96 డెసిబెల్, 24 బిట్‌లో 144, 32 బిట్ ఫ్లోట్‌లో లెక్క ప్రకారం 1,500 దాటుతుంది. ఆ 1,500 అంతా లోకంలో ఎక్కడా లేదు లెండి, ముఖ్యమైన సంగతి లోపల ఉంది: ఈ యంత్రాల్లో ఒక్కో చానల్‌కి మామూలుగా రెండు కన్వర్టర్లు, అంటే శబ్దాన్ని అంకెలుగా మార్చేవి, ఉంటాయి, ఒకటి చిన్న శబ్దం మీద, ఇంకొకటి పెద్ద శబ్దం మీద కన్నేసి ఉంచుతాయి, రెండిటినీ కలిపి ఒక ఫైలు చేస్తాయి. 2019లో వచ్చిన సౌండ్ డివైజెస్ మిక్స్‌ప్రీ రెండో తరం, జూమ్ ఎఫ్6, 2022లో వచ్చిన జూమ్ ఎఫ్3 ఈ దారివే. ఎఫ్3కి అసలు గెయిన్ తిప్పే నాబ్ లేదు. చలిలోనో, భయంలోనో, పరుగులోనో ఉన్న మనిషికి చేయాల్సిన పని ఒకటి తగ్గిందంటే ఎంత మేలో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. మీకు నా సలహా ఎఫ్3నే. అరచేతిలో పడుతుంది, రెండు ఏఏ సెల్స్ మీద గానీ యూఎస్‌బీ-సీ మీద గానీ నడుస్తుంది, తాళం పడే పెద్ద మైకు సాకెట్లు రెండున్నాయి. సొంత మైకు లేదు, అది వేరే కొనాలి. మైకులకి 48 వోల్టులు ఇవ్వాల్సి వస్తే సెల్స్ గబగబా అయిపోతాయి, పవర్ బ్యాంక్ తోడు పెట్టుకోండి.

ఇప్పుడు దాని హద్దు కూడా చెప్పాలి. ఫ్లోట్ కాపాడేది రికార్డర్ లోపలి తెగుడు నుంచే. మైకే తట్టుకోలేకపోతే ఎవరూ కాపాడలేరు. మైకు కాగితం మీద గరిష్ఠ శబ్దం 120 డెసిబెల్ అని ఉండి, పేలుడు అంతకంటే పెద్దదైతే మైకులోనే శబ్దం చిట్లిపోతుంది, ఆ చిట్లిన శబ్దాన్ని ఫ్లోట్ చాలా నిజాయతీగా రాసి పెడుతుంది. గాలి హోరు కూడా అంతే. గాలి నేరుగా మైకు పొరని తోస్తే తర్వాత ఏ ఫిల్టర్ వేసినా పూర్తిగా పోదు. నురుగు తొడుగు గదిలోనే పనికొస్తుంది, బయట బొచ్చు తొడుగు ఉండాల్సిందే, దాని వెంట్రుకలు గాలి వేగాన్ని మైకు చేరకముందే విరగ్గొడతాయి. రికార్డర్ మీద ఎంతైనా పెట్టి తొడుగు దగ్గర పిసినారితనం చేసిన వాళ్లని చాలామందిని చూశాను, ఇంటికొచ్చి వాళ్లు విన్నది గాలినే. అగ్నిపర్వతం దగ్గర బూడిద, ఆమ్లపు ఆవిర్లు ఉంటాయి కాబట్టి రికార్డర్ మూసిన సంచిలో ఉండాలి, ఆ తొడుగుని ఖర్చైపోయే వస్తువుగా లెక్కేసుకోండి.

ప్రశ్న: పక్షుల మీద, గబ్బిలాల మీద పని చేస్తున్న విద్యార్థినిని. వాన అడవిలో నెలపాటు వదిలేసి రావాలి. మామూలు రికార్డర్‌ని పెట్టెలో పెడితే సరిపోతుందా?

జవాబు: దాని కోసమే చేసినవి ఉన్నాయమ్మా, మామూలు రికార్డర్‌తో కుస్తీ పట్టకండి. ఆడియోమాత్ అని 58 మిల్లీమీటర్ల పొడవు, 48 వెడల్పు ఉన్న చిన్న బోర్డు, మూడు ఏఏ సెల్స్ మీద నడుస్తుంది. సెకనుకి 3,84,000 సార్లు శాంపిల్ తీయగలదు, అంటే శబ్దాన్ని అన్నిసార్లు కొలిచి రాసుకోగలదు, కాబట్టి గబ్బిలాల అరుపులు కూడా దొరుకుతాయి. దానికి సరిపోయే నీరు చొరబడని పెట్టె విడిగా వస్తుంది. వైల్డ్‌లైఫ్ అకౌస్టిక్స్ కంపెనీ వాళ్ల సాంగ్ మీటర్ రికార్డర్లు అయితే వానకి తట్టుకునే పెట్టెతోనే వస్తాయి.

నెలంతా ఆపకుండా రికార్డు చేయాలనుకోకండి. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48,000 శాంపిళ్లు), 16 బిట్, ఒకే చానల్ అయితే నిమిషానికి 5.76 ఎంబీ, రోజంతా అంటే 8.3 జీబీ. పది నిమిషాలకి ఒక నిమిషం చొప్పున పెడితే రోజుకి 830 ఎంబీ, 32 జీబీ కార్డు 38 రోజులు వస్తుంది. గబ్బిలాలకి మాత్రం ఎక్కువ వేగం కావాలి, ఫైలు అదే లెక్కన ఎనిమిది రెట్లు పెరుగుతుంది, కాబట్టి చీకటి పడ్డాక కొన్ని గంటలకే పరిమితం చేయండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయండి, మైకు రంధ్రం కొంచెం కిందికి వంగేలా కట్టండి. చీమలు గూడు పెట్టకుండా రంధ్రం పొర చెక్కుచెదరకుండా ఉందో లేదో చూడండి, ఎక్కువమంది దీన్నే మర్చిపోతారు.

తేమలో మంచి కండెన్సర్ మైకు (లోపలి పొర మీద విద్యుత్తు నిలిపి పనిచేసేది) వాడాల్సి వస్తే చిటపటమనే శబ్దం వినిపిస్తుంది, లోపల చెమ్మ వల్ల విద్యుత్తు జారిపోవడమే దానికి కారణం. సెన్‌హైజర్ ఎంకేహెచ్ వరస మైకులు పనిచేసే పద్ధతి వేరు, అందుకే తేమలో పనిచేసే వాళ్లు వాటిని నమ్ముకుంటారు.

ప్రశ్న: బైక్ మీద ఎడారి దాటాలని ప్లాన్. హెల్మెట్‌లో మైకు పెట్టి మాట్లాడుకుంటూ వెళ్తాను. ఇసుక, వేడి, కుదుపులు... దేనికి ఎక్కువ భయపడాలి?

జవాబు: కుదుపులకి. పెన్సిల్ సెల్స్ స్ప్రింగు మీద నిలబడి ఉంటాయి, గతుకు రోడ్డు మీద స్ప్రింగు ఒక్క క్షణం వదిలేస్తే చాలు, రికార్డర్ ఆగిపోతుంది, మీకు తెలియదు. లోపల సెల్స్ ఉంచి, బయటినుంచి యూఎస్‌బీ కూడా తగిలిస్తే ఒకటి వదిలినా ఇంకొకటి పట్టుకుంటుంది. రికార్డర్‌ని బండికి బిగించకండి, మీ ఒంటి మీద పెట్టుకోండి, మనిషి ఒళ్లే మంచి స్పాంజి. నాబ్‌ల సందుల్లోకి ఇసుక దూరితే తర్వాత తిప్పినప్పుడల్లా కరకరలాడుతుంది, జిప్ కవరు చాలు. దుమ్ముని నోటితో ఊదొద్దు, ఉమ్మి తేమ లోపలికి పోతుంది. ఆగిన చోట నల్ల రికార్డర్‌ని ఎండలో వదలకండి, లిథియం అయాన్ బ్యాటరీని 45 డిగ్రీలు దాటితే చార్జికి పెట్టకండి.

ప్రశ్న: ఐదు గంటలు రికార్డు చేశాను. మధ్యలో కరెంటు పోయినట్టుంది, కార్డులో ఫైలు 0 కేబీ చూపిస్తోంది. ఒక పెద్దాయన చివరి ఇంటర్వ్యూ అది. ఏమైనా దారి ఉందా?

జవాబు: ఉంది, ముందు ఆ కార్డు తీసి పక్కన పెట్టండి. దాని మీద ఒక్క అక్షరం కూడా రాయొద్దు, ఫార్మాట్ చేయమని కంప్యూటర్ అడిగితే వద్దనండి. శబ్దం కార్డు మీదే ఉండి ఉంటుంది. ఫైలు ఎంత పొడవో కార్డులోని పట్టికలోనూ, ఫైలు మొదట్లో ఉండే చిన్న శీర్షికలోనూ ఉంటుంది, చాలా రికార్డర్లు వాటిని ఆపినప్పుడే రాస్తాయి, ఆపకముందే కరెంటు పోతే ఫైలు ఖాళీ అని కంప్యూటర్ అనుకుంటుంది. ముందు కార్డు మొత్తానికి కాపీ తీయించండి. తర్వాత అదే రికార్డర్‌లో పెట్టి ఆన్ చేస్తే కొన్ని యంత్రాలు తామే సరిచేస్తాయి. కాకపోతే ఆ కాపీలోంచి డేటా బయటికి తీసి, శబ్దాన్ని సవరించే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో రా డేటాగా (శీర్షిక లేని ముడి డేటాగా) తెరిచి, మీరు పెట్టిన బిట్, వేగం, చానళ్ల సంఖ్య సరిగ్గా ఇస్తే మాట వినపడే అవకాశం ఉంది. చేతకాదనుకుంటే డేటా రికవరీ చేసేవాళ్లకి ఇవ్వండి, మీరు మాత్రం పదిరకాల ప్రయోగాలు చేయొద్దు. ఆ గొంతు మీకు తిరిగి దక్కాలని మనసారా కోరుకుంటున్నాను.

మిగతావాళ్లు దీన్నుంచి ఒక పని నేర్చుకోండి. కొత్త రికార్డర్ ఇంటికి తెచ్చిన రోజే పది నిమిషాలు రికార్డు చేసి, మధ్యలో బ్యాటరీ లాగేయండి. ఎంత దక్కిందో చూడండి. కొన్ని యంత్రాలు కొన్ని సెకన్లకోసారి శీర్షిక రాసుకుంటాయి, వాటిలో చివరి ముక్క మాత్రమే పోతుంది. మొత్తం పోతే దాన్ని అప్పుడే మార్చుకోండి. ఇంకా, మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దాటలేదు, 48 కిలోహెర్ట్జ్ 24 బిట్ స్టీరియోలో గంటకి ఒక జీబీ పైచిలుకు పడుతుంది కాబట్టి నాలుగు గంటల దగ్గర యంత్రం కొత్త ఫైలు మొదలుపెడుతుంది. అంతదాకా ఆగకుండా అరగంటకోసారి మీరే కొత్త ఫైలు మొదలుపెడితే ఏం జరిగినా పోయేది అరగంటే.

ప్రశ్న: సోనీ పీసీఎం-ఎం10 సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతోంది. పాతదని వదిలేయాలా?

జవాబు: వదలొద్దు, బాగుంటే తీసుకోండి. రెండు ఏఏ సెల్స్‌తో రోజుకి మించి నడిచేది, హోల్డ్ స్విచ్ ఉంది, 4 జీబీ మెమరీ లోపలే ఉంది. ఫ్లోట్ లేదు, లెవెల్ మీరే చూసుకోవాలి. 32 జీబీ దాటిన కార్డులు పాత యంత్రాలకి పెట్టకండి. కొనేముందు సెల్స్ గది మూత తెరిచి చూడండి, స్ప్రింగు మీద పచ్చగా గానీ తెల్లగా గానీ పొడి కనిపిస్తే పాత సెల్ కారిందని అర్థం. రికార్డ్ బటన్ పదిసార్లు నొక్కండి, పదిసార్లూ ఒకేలా పట్టాలి. మైకు సాకెట్‌లో మైకు వైరు పిన్ను పెట్టి మెల్లగా తిప్పుతూ ఇయర్‌ఫోన్‌లో వినండి, గరగరమంటే వదిలేసి ఇంకొకటి చూసుకోండి.